అయస్కాంతం అంటనంత మాత్రాన మంచి క్యాను కాదు

కొత్త పాల క్యాన్లు కొనేటప్పుడు కొన్ని సంఘాల పాలకవర్గ సభ్యులు అయస్కాంతం పెట్టి చూస్తున్నారు. అంటుకోకపోతే అసలైన స్టీలని ఆమోదిస్తున్నారు. ఈ పరీక్ష ఒక్కటే చాలదని సభ్యులకు తెలియజేయడానికే ఈ నాలుగు మాటలు.

మేము తనిఖీకి వెళ్ళిన ఒక సంఘంలో ఇట్లాగే జరిగింది. తక్కువ కొటేషను ఇచ్చిన వారి వద్ద క్యాన్లు కొన్నారు. అయస్కాంతం అంటలేదు. రెండో వానకాలం దాటేసరికి అడుగు అతుకు వెంట గోధుమరంగు మచ్చలు, వాటి కింద సూదిమొనంత గుంటలు కనిపించాయి. గుంటలో చిక్కిన పాలు ఎంత కడిగినా పోవు. అక్కడ సూక్ష్మజీవులు పెరుగుతాయి. సాయంత్రం పాలు శీతల కేంద్రం చేరేసరికి పులిసి తిరిగి వచ్చేవి. ఆ నష్టం క్యాను కొన్నవారిది కాక, పాలు పోసినవారిది అయింది.

కారణం లోహంలోనే ఉన్నది. స్టెయిన్‌లెస్ స్టీలులో ఎక్కువ భాగం ఇనుమే. అందులో కలిపిన క్రోమియం గాలిలోని ప్రాణవాయువుతో కలిసి, కంటికి కనబడని పలుచని పొరగా ఏర్పడి తుప్పును ఆపుతుంది. నికెలు కలిపితే లోహం ఆమ్లాలకు మరింత తట్టుకుంటుంది, పగలకుండా సాగుతుంది, అతుకు బాగా కుదురుతుంది, అయస్కాంతానికి అంటదు.

పాడి పరిశ్రమలో వాడే 304 రకంలో క్రోమియం సుమారు 18 శాతం, నికెలు కనీసం 8 శాతం ఉంటాయి. నికెలు ఖరీదైన లోహం. 1950 దశకంలో దానికి కొరత ఏర్పడినప్పుడు, కొంత నికెలు బదులు మాంగనీసు, నత్రజని కలిపిన 201, 202 రకాలు వాడుకలోకి వచ్చాయి. 202లో నికెలు 4 నుండి 6 శాతమే, మాంగనీసు 7.5 నుండి 10 శాతం. మాంగనీసు వల్ల ఇది కూడా అయస్కాంతానికి అంటదు. పైగా 304 కంటె గట్టిగా కూడా ఉంటుంది. కాని ఉప్పునీటికి, బ్లీచింగు నీటికి 304 అంతగా తట్టుకోలేదు. క్యానుకు గట్టిదనం కంటె ఈ తట్టుకునే గుణమే ముఖ్యం.

సంఘాలు పాటించవలసినవి:

1. కొటేషనులోను, బిల్లులోను ‘304 రకం’ అని వ్రాయించాలి. వట్టి ‘స్టీలు’ అని ఉంటే ఒప్పుకోరాదు.

2. రేకు తయారు చేసిన కర్మాగారం ఇచ్చిన పరీక్షా పత్రం అడగాలి. అందులో నికెలు శాతం చూడాలి.

3. అతుకులు లోపల నున్నగా ఉన్నవో లేవో చేత్తో తడిమి చూడాలి.

4. 304 అయినా బ్లీచింగు నీటిని రాత్రంతా నిలువ ఉంచరాదు. మంచినీటితో కడిగి, బోర్లించి ఆరబెట్టాలి. ఇనుప పీచుతో తోమరాదు.

క్యాన్లు సంఘం సొమ్ముతో కొన్నవి. వాటి బిల్లు, పరీక్షా పత్రం చూపమని సర్వసభ్య సమావేశంలో అడిగే హక్కు ప్రతి సభ్యునికీ, సభ్యురాలికీ ఉన్నది. అడగండి.