మోత పెరిగితే... పవరూ పెరుగుతుందా?

‘హెడర్స్ మారిస్తే మన కారు పికప్ అదిరిపోతుంది నాన్నా’ అంటూ అబ్బాయి పట్టుబడుతున్నాడా? డబ్బులిచ్చే ముందు కాస్త ఆగండి.

ఇంజిన్ సిలిండర్ల నుంచి వచ్చే పొగను కలిపి సైలెన్సర్ వైపు పంపే గొట్టాలే హెడర్స్. కొలత కుదిరితే, ఒక సిలిండర్ వదిలిన పొగ పక్కదాని పొగనూ లాక్కెళుతుంది. ఇంజిన్ తేలిగ్గా ఊపిరి తీసుకుంటుంది.

గొట్టం ఎంత లావైతే అంత పవర్ అనుకుంటే పొరపాటే. అందులో పొగ వేగం తగ్గి, ట్రాఫిక్‌లో బండి ఈడుస్తుంది. నాలుగు గొట్టాలు రెండై, ఆ రెండూ ఒకటయ్యే ‘4-2-1’ రకం ఊళ్లో తిరిగే బండికి నయం. నాలుగూ ఒకేచోట కలిసే ‘4-1’ రకం రేసులకు.

ఇంకో చిక్కుంది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 కార్లు చాలావాటిలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఇంజిన్ పక్కనే ఉంటుంది. హెడర్స్ కోసం దాన్ని తీసేస్తే కాలుష్య నిబంధనలు మీరినట్టే. 2019 నాటి చట్ట సవరణ ప్రకారం తొలిసారికే రూ.10 వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు లేదా రెండూ పడొచ్చు. వారంటీకీ ఎసరే.

చెవికి వినిపించే మోతను కాదు, డైనో యంత్రం మీద కొలిచిన పవర్‌నే నమ్మాలి. పికప్ తగ్గిందనిపిస్తే ముందు ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు చూపించండి. చాలాసార్లు జబ్బు అక్కడే ఉంటుంది!