దెబ్బ కాలికి, పరీక్ష రక్తానికి ఎందుకు?

ప్రమాదంలో ఎముకలు విరిగితే ఎక్స్‌రే తీస్తారు, సరే. ఐసీయూలో రోజూ రక్తం ఎందుకు తీస్తారు?

పెద్ద గాయమైతే సూక్ష్మజీవి ఒక్కటి లోపలికి రాకపోయినా రోగనిరోధక వ్యవస్థ లేచి కూర్చుంటుంది. ఇందులో ఓ తమాషా ఉంది. మన కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలు వందకోట్ల ఏళ్లకు పైగా కిందట విడిగా బతికిన బాక్టీరియాలే! కణాలు చితికినప్పుడు ఈ మైటోకాండ్రియాల డీఎన్ఏ రక్తంలోకి వచ్చిపడుతుంది. రక్షక కణాలు దాన్ని చూసి శత్రువు చొరబడ్డాడనుకుంటాయి. అందుకే ఇన్ఫెక్షన్ లేకున్నా జ్వరం రావచ్చు.

మరి నిజంగా ఇన్ఫెక్షన్ వస్తే ఎలా పసిగడతారు? గాయమైన కొన్ని గంటల్లోనే రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత అణువు పెరుగుతుంది. దాని కబురు అందుకుని కాలేయం సీఆర్‌పీ అనే ప్రోటీన్ తయారుచేస్తుంది. 1930లో న్యుమోనియా రోగుల రక్తంలో బయటపడిన ప్రోటీన్ ఇది. రెండు మూడు రోజులు పెరిగి, తర్వాత తగ్గాలి. ఒక్కరోజు అంకెతో పెద్దగా తేలేది లేదు. తగ్గుతున్నది మళ్లీ ఎగబాకిందా, డాక్టర్లు ఇన్ఫెక్షన్ కోసం వెతుకుతారు.

అసలు చిక్కు ఇంకోటి: అంత హడావిడి చేసిన రక్షణే నీరసపడటం. మోనోసైట్ అనే తెల్లరక్తకణం తాను పట్టిన క్రిమి ముక్కను హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ అనే అణువు మీద పెట్టి, తోటి కణాలకు పోలీసు ఫొటోలా చూపిస్తుంది. తీవ్రగాయం తర్వాత ఈ అణువులు తగ్గిపోతాయి. రోజులు గడిచినా తిరిగి పెరగకపోతే ఇన్ఫెక్షన్ ముప్పు ఎక్కువ. వీటిని కొలవడానికి ఫ్లో సైటోమీటర్ కావాలి. అది కణాలను ఒక్కొక్కటిగా లేజర్ వెలుగులో చూస్తుంది. యంత్రం ఖరీదు, నమూనా నిల్వలో జాగ్రత్తలు బోలెడు. కాబట్టి సీఆర్‌పీలా ఇది ప్రతి ఆసుపత్రిలో దొరికే పరీక్ష కాదు.