సంఘపు తెలుగు: చెన్నపట్టణంలో ఒక భాషావాదం

చెన్నైలోని తెలుగు క్రైస్తవ సంఘాల్లో తరచుగా వినిపించే వాదాల్లో భాషకు సంబంధించినది ఒకటి. ఏ బైబిలు చదవాలి, ఏ పాట పాడాలి, పిల్లలకు ఏ లిపిలో వాక్యం నేర్పాలి అనే ప్రశ్నల మీద పెద్దలకూ యువకులకూ మధ్య, ఒక్కొక్కప్పుడు కాపరికీ సంఘానికీ మధ్య మాట పట్టింపులు వస్తున్నాయి. బయటివారికి ఇది ఇంటి గొడవగా తోచవచ్చును. తెలుగు భాషాచరిత్రతో పరిచయం ఉన్నవారికి మాత్రం ఇందులో మన గ్రాంథిక వ్యావహారిక వివాదం మరొక రూపంలో కనపడుతుంది. అందుకే ఈ విషయాన్ని ఇక్కడ కొంత వివరంగా చెప్పదలచుకున్నాము.

మొదట ఒక మాట. ‘ఇవాంజెలికల్’ అనే పదానికి తెలుగులో స్థిరమైన మాట లేదు. గుంటూరులో 1842లో హేయర్ దొర మొదలుపెట్టిన మిషను నుంచి వచ్చిన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి పేరులో అది సువార్తకు సంబంధించినది అనే పాత అర్థంలో ఉన్నది. నేడు ఆ మాటతో సూచించేది ఒక ప్రత్యేకమైన చర్చిని కాదు. బైబిలే తుది ప్రమాణమని, ప్రతి మనిషీ స్వయంగా మారుమనస్సు పొందాలని, దానిని ఇతరులకు ప్రకటించాలని నమ్మే ధోరణిని. బాప్తిస్టులు, సహవాస సంఘాలవారు, పెంతెకొస్తువారు, దక్షిణ ఇండియా సంఘంలోని అనేకులు ఈ ధోరణికి చెందినవారే. వాక్యమే ప్రమాణమైన చోట ఆ వాక్యం ఏ తెలుగులో ఉండాలన్నది చిన్న ప్రశ్న కాదు.

చెన్నపట్టణానికీ ఈ ప్రశ్నకూ ఉన్న సంబంధం దాదాపు మూడు వందల ఏళ్ళది. తరంగంబాడి నుంచి 1726లో ఇక్కడికి వచ్చిన బెంజమిన్ షుల్జ్ బైబిలును తెలుగులోకి మార్చాడు. అది అచ్చు కాలేదు. ఆయన జర్మనీకి తిరిగి వెళ్ళిన తరువాత హాలే నగరంలో 1746-47లో అచ్చువేయించిన చిన్న పుస్తకాలే తెలుగులో తొలి ముద్రణలని పండితులు చెబుతారు. విశాఖపట్టణంలో 1805 నుంచి పనిచేసిన లండన్ మిషను వారికి ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు తోడ్పడగా, మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ప్రిచెట్ చేసిన కొత్త నిబంధన 1818లో చెన్నపట్టణంలోనే వెలువడింది. సి. పి. బ్రౌన్ కూడా ఈ అనువాదాలపై పనిచేశాడు. ఆయన తెలుగు నిఘంటువు 1852లో వెలువడింది ఇక్కడి క్రైస్తవ ముద్రణాలయం నుంచే. సంపూర్ణమైన బైబిలు 1850ల నాటికి గాని రాలేదు. పిదప సవరణలు జరిగి, నేడు జనం ‘పాత బైబిలు’ అంటున్న రూపం ఏర్పడింది.

ఈ పాత బైబిలు తెలుగు విచిత్రమైనది. క్రియలు గ్రాంథికం: ‘వచ్చెను’, ‘చెప్పెను’, ‘ఉండెను’. కాని చిన్నయసూరి గ్రాంథికం కాదు. సమాసాలు తక్కువ, వాక్యం మూలాన్ని అనుసరిస్తూ సాగుతుంది. పండితులు దీనిని తమదని ఒప్పుకోలేదు. 1910ల్లో గిడుగు రామమూర్తి పంతులుగారికీ జయంతి రామయ్య పంతులుగారికీ మధ్య పరీక్షల భాష గురించి హోరాహోరీ జరుగుతున్నప్పుడు, ఏ పక్షమూ ఈ భాషను తన ఉదాహరణగా గౌరవించలేదు. అయినా ఆనాడు అచ్చు తెలుగును వారం వారం బిగ్గరగా చదువుకున్న నిరుపేదలెవరని అడిగితే, మాల మాదిగ పేటల్లోని క్రైస్తవులనే చెప్పవలసి ఉంటుంది. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కంట్రాక్టుకు తీసుకొని ఒంగోలు ప్రాంతపు కూలీలకు పని కల్పించాడు. 1878 జూలై 3న ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ కాలువ చెన్నపట్టణం దాకా వస్తుంది. ఆ ప్రాంతాల మనుషులూ వచ్చారు. నగర పారిశుద్ధ్య పనిలోనూ రేవు పనిలోనూ తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబాల్లో చాలామందికి అక్షరం అబ్బింది ఆదివారపు బడిలో, ఆ గ్రాంథిక బైబిలు పేజీల మీదనే.

కనుక ‘ఈ భాష ఎవరికీ అర్థం కాదు, మార్చండి’ అని యువకులు అన్నప్పుడు పెద్దలకు కలిగే బాధను మూఢత్వమని కొట్టివేయకూడదు. వారికి అది కంఠస్థమైన భాష. అధ్యాయం, వచనం చెబితే మాట తప్పకుండా అప్పగించగలరు. ఒకరు కొత్త అనువాదం చదువుతుంటే పాతది తెరిచి పెట్టుకున్నవారికి వరుస తప్పుతుంది. 1990ల నుంచి వాడుకభాషలో పలు అనువాదాలు వచ్చాయి. 2019 నాటి ఇండియన్ రివైజ్డ్ వర్షన్, తెలుగు సమకాలీన అనువాదం వంటివి ఇప్పుడు చేతిఫోనులోనే దొరుకుతున్నాయి. ఒకే వరుసలో కూర్చున్న నలుగురి చేతుల్లో మూడు తెలుగులు ఉండటం నేడు సాధారణం.

అనుమానం మరొకటి కూడా ఉన్నది: కొత్త అనువాదాలు వాక్యాలను ‘తీసివేశాయి’ అని. మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలను, యోహాను సువార్తలో వ్యభిచారమందు పట్టుబడిన స్త్రీ కథను కొత్త ముద్రణలు బ్రాకెట్లలో పెట్టడమో, కింద సూచిక ఇవ్వడమో చేస్తాయి. ఇది కుట్ర అని బోధించేవారు ఉన్నారు. ఇంగ్లీషులో 1611 నాటి బైబిలు తప్ప మరొకటి చెల్లదనే అమెరికా వాదం ఇందుకు కొంత ఊతం. తెలుగు విద్యార్థికి ఈ విషయం బోధపరచడం కష్టం కాదు. వేమన పద్యాలకు బ్రౌన్ అనేక తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితులచేత పోల్చి చూపించి, 1829లో అచ్చువేశాడు. ఏ ప్రతిలో ఏ పద్యం ఉన్నది, ఏది తరువాత చేరినది అని విచారించడం మనకు తెలిసిన పనే. భారతంలో ప్రక్షిప్తాల చర్చ కూడా ఇటువంటిదే. గ్రీకు కొత్త నిబంధనకు 19వ శతాబ్దంలో సీనాయి ప్రతి వంటి బహు ప్రాచీన ప్రతులు వెలుగులోకి వచ్చాయి. ఆ ప్రతులతో పోల్చి చూసిన ఫలితమే ఆ బ్రాకెట్లు.

వాదించేవారు గమనించని సంగతి ఒకటి ఉన్నది. యోహాను మొదటి పత్రిక అయిదవ అధ్యాయంలో పరలోకంలో సాక్ష్యమిచ్చే ముగ్గురిని గురించిన వాక్యం 1611 ఇంగ్లీషు బైబిలులో ఉన్నది. మన పాత తెలుగు బైబిలులో అది లేదు. అంటే ‘మార్పు లేనిది’ అని పెద్దలు పట్టుకున్న ఆ పుస్తకమే ఒక సవరణ ప్రతి. తీసివేత కుట్ర అయితే పాత బైబిలునూ కుట్రలోనే చేర్చవలసి వస్తుంది.

అయితే పాత అనువాదంలో నిజంగా ఆలోచించవలసినది వేరే ఉన్నదని మా అభిప్రాయం. అది సర్వనామం. గ్రీకులో ‘అతడు’కు మర్యాద భేదం లేదు, తెలుగులో తప్పదు. మత్తయి ఎనిమిదవ అధ్యాయంలో కుష్ఠరోగి వస్తాడు. అనువాదకులు అతనికి ‘వాని’ అని వేశారు. అదే అధ్యాయంలో రోమా శతాధిపతి వస్తాడు, ఆయనకు ‘అతని’. యేసుకు ‘ఆయన’. మూలంలో లేని మూడు మెట్లు తెలుగులో వెలిశాయి. అనువాదకులను నిందించడానికి లేదు. ఆనాటి తెలుగు సమాజంలో రోగిని, బిచ్చగాణ్ణి మరొక విధంగా ప్రస్తావించేవారు లేరు. కాని ఊళ్ళో తమను ‘వాడు’, ‘అది’ అని పిలిపించుకున్న జనమే ఈ పుస్తకాన్ని విమోచన గ్రంథంగా చేతిలోకి తీసుకున్నారు. వాడుకభాషా అనువాదాలు ఈ మెట్లను చాలావరకు సవరించే అవకాశం కల్పించాయి. కొత్త అనువాదాన్ని సమర్థించేవారు ‘సులభంగా ఉంటుంది’ అనే వాదం మాని ఈ వాదం ఎత్తుకుంటే పెద్దలు కూడా వింటారేమో.

దేవుణ్ణి సంబోధించడంలోనూ ఇటువంటి చిక్కే. పక్కనున్న తమిళ బైబిలులో దేవునికి ‘నీర్’ అని మధ్యమ గౌరవం ఉన్నది. తెలుగులో అటువంటి మెట్టు లేక ‘నీవు’ నిలిచింది. నేడు కొందరు కాపరులు ప్రార్థనలో ‘మీకు స్తోత్రం’ అంటున్నారు. ‘నీవు’లోని చనువు పోయిందని కొందరు, గౌరవం వచ్చిందని కొందరు. భక్తి కవులందరూ దేవుణ్ణి ‘నీవు’ అన్నవారే కనుక మాకు మొదటి పక్షమే సబబుగా తోస్తుంది.

పరిభాషలో కూడా చెన్నై తెలుగువారికి రెండు వైపుల లాగుడు ఉన్నది. తమిళ ప్రొటెస్టంట్లు ‘జ్ఞానస్నానం’ అంటారు. మన దగ్గర ఆ మాట క్యాతలిక్కులది, ప్రొటెస్టంట్లకు ‘బాప్తిస్మము’. క్యాతలిక్కులకు ‘పవిత్రాత్మ’, ‘శ్రీసభ’. ప్రొటెస్టంట్లకు ‘పరిశుద్ధాత్మ’, ‘సంఘము’. గ్రీకు మాటను అనువదించకుండా ‘బాప్తిస్మము’ అని ఉంచడంలో ఒక సౌకర్యం ఉన్నది: నీళ్ళలో ముంచాలనేవారూ, చిలకరిస్తే చాలుననేవారూ ఒకే పుస్తకం చదువుకోవచ్చును. బెంగాలీ అనువాదంలో బాప్తిస్టులు ‘ముంచుట’ అనే అర్థమిచ్చే మాట వేసినందుకు బైబిలు సొసైటీ సహాయం నిలిపివేయడం, 1840లో వారు వేరే సంఘం పెట్టుకోవడం జరిగాయి. ‘మారుమనస్సు’ మాత్రం మన అనువాదకుల చక్కని కల్పన. పశ్చాత్తాపం కన్నా లోతైనది. అది చర్చి గోడ దాటి బయటి తెలుగులోకి అంతగా రాకపోవడం మన నష్టం.

పాట విషయానికి వస్తే, ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803-1890) కీర్తనలు ఆ పద్ధతికి ఆయువుపట్టు. తమిళంలో తంజావూరు వేదనాయక శాస్త్రియార్ చేసినదీ ఇదే. నేడు రాగం పేరు చూసి పాడగలిగినవారు తగ్గారు. కీబోర్డు, డ్రమ్ముల మీద నడిచే చిన్న పల్లవుల పాటలు, తమిళ ఇంగ్లీషు పాటల అనువాదాలు వాటి స్థానంలోకి వచ్చాయి. ఆ అనువాదాల్లో మాత్ర సరిపెట్టడానికి తెలుగు మాటను విరిచివేయడం చెవికి బాధగా ఉంటుంది. తెలుగు క్రైస్తవుల్లో మహాకవి లేడా అంటే, గుర్రం జాషువా ఉన్నాడు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ పద్యాలు పీఠం మీది నుంచి వినిపించడం అరుదు. బయట ఆయన కులం అడ్డు వచ్చింది, లోపల ఆయన ఛందస్సు అడ్డు వచ్చిందనవలసి ఉంటుంది.

క్రైస్తవం భారతీయం కావడమెట్లా అనే చర్చ చెన్నపట్టణానికి కొత్తది కాదు. 1938 డిసెంబరులో తాంబరంలోని క్రైస్తవ కళాశాలలో అంతర్జాతీయ మిషనరీ మహాసభ జరిగింది. డచ్చి పండితుడు హెండ్రిక్ క్రేమర్, క్రీస్తు సందేశానికీ ఇతర మతాలకూ మధ్య అగాధం ఉన్నదని దానికోసం పుస్తకం రాశాడు. దానికి ఎదురుగా ఇక్కడి వారు కొందరు అదే ఏడు మరొక పుస్తకం తెచ్చారు. వారిలో ముఖ్యుడు పాండిపెద్ది చెంచయ్య, నెల్లూరు వాడు, న్యాయవాది, పుదుక్కోటలో ప్రధాన న్యాయమూర్తిగా చేసినవాడు. ఆయన బావ వి. చక్కరై తరువాత ఈ నగరానికి మేయరు అయ్యాడు. మిషను కట్టిన చర్చి వ్యవస్థ భారతదేశానికి అవసరమా అని వారు సూటిగా అడిగారు. కాని అడిగింది ఇంగ్లీషులో. నెల్లూరు తెలుగువాని ఆలోచన నెల్లూరు తెలుగు సంఘాలకు చేరలేదు.

మూడేళ్ళకు, 1941 జూలైలో, పంజాబు నుంచి వచ్చిన భక్త్ సింగ్ ఇదే నగరంలో ‘యెహోవా షమ్మా’ అనే పేరుతో స్వతంత్ర సహవాసాన్ని మొదలుపెట్టాడు. మిషను జీతం లేదు, నేల మీద కూర్చోవడం, కలిసి భోజనం చేయడం. ఆయనకు తెలుగు రాదు. దుబాసీలు పక్కన నిలిచి చెప్పేవారు. 1950 నుంచి హైదరాబాదులోని హెబ్రోను ఆ ఉద్యమానికి కేంద్రమై, తెలుగు నాట ఊరూరా పాకింది. చెంచయ్య వాదించినదాన్ని భక్త్ సింగ్ వాదించకుండానే చాపల మీద చేసి చూపాడని మాకు అనిపిస్తుంది, సిద్ధాంతంలో ఇద్దరూ ఉత్తర దక్షిణ ధ్రువాలైనా. దుబాసీ బోధన నేటికీ నిలిచి ఉన్నది. ఇప్పటి దుబాసీ ఇంగ్లీషును తెలుగు చేస్తూ సగం ఇంగ్లీషుగానే వదిలిపెడుతున్నాడు.

ఇక పిల్లలు. తమిళనాడు తమిళ అభ్యసన చట్టం 2006లో వచ్చి, ఒకటవ తరగతి నుంచి ఏటా ఒక తరగతి పెరుగుతూ 2015-16 నాటికి పదవ తరగతిని చేరింది. అల్పసంఖ్యాక భాషలవారు కోర్టులకు వెళ్ళి కొన్ని ఏళ్ళకు మినహాయింపులు తెచ్చుకున్నారు గాని, మొత్తంమీద చెన్నైలో తెలుగు చదవడం, రాయడం బడిలో నేర్చే పిల్లలు బాగా తగ్గిపోయారు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు చర్చిలో తెర మీద తెలుగు పాటను ఇంగ్లీషు అక్షరాల్లో చదువుతున్నాడు. ‘ళ’కూ ‘ల’కూ, ‘ణ’కూ ‘న’కూ భేదం అక్కడే పోతున్నది. పాత బైబిలా, కొత్త బైబిలా అని పెద్దలు తగువు పడుతుంటే, ఏ తెలుగు బైబిలూ చదవలేని తరం వెనక వరుసలో కూర్చుని ఉన్నది. కొన్ని సంఘాలు ఆరాధననే తమిళంలోకి, ఇంగ్లీషులోకి మార్చుకున్నాయి. సువార్త ఏ భాషలోనైనా సువార్తే అని అవి చెప్పే మాట మతపరంగా కాదనలేనిది. కాని ఇళ్ళలో అవ్వలు ఆ కొత్త ఆరాధనలో మౌనంగా కూర్చుంటున్నారు.

పేర్ల సంగతి కూడా ఇందులోనిదే. సంఘంలో దానియేలు, దీవెనమ్మ. బడి సర్టిఫికెట్టులో వేరే పేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు, క్రైస్తవులకు లేదు. దళిత క్రైస్తవులను ఆంధ్రలో బి.సి.-సి గానూ, తమిళనాడులో వెనుకబడిన తరగతిగానూ లెక్కిస్తారు. రంగనాథ్ మిశ్రా కమిషను 2007లో మతంతో నిమిత్తం లేకుండా హోదా ఇవ్వాలన్నది. 2022లో బాలకృష్ణన్ కమిషను ఏర్పడింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ అనుకూలంగా తీర్మానించింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, మద్రాసు హైకోర్టు తీర్పును సమర్థిస్తూ, క్రైస్తవ ఆచారంలో ఉంటూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం చెల్లదన్నది. ఈ తీర్పు తరువాత బాప్తిస్మపు రిజిస్టరులో పేరు రాయించుకోవడానికి వెనుకాడేవారు కనపడుతున్నారు. మనం చెప్పుకుంటున్న తెలుగు సంఘాల చరిత్రకు ఆ రిజిస్టర్లే ముఖ్యమైన ఆధారాలు. అవి పాతబడి, బూజుపట్టి, చాలాచోట్ల బీరువాల్లో పడి ఉన్నాయి. వాటిలోని పేర్లను, ఊర్లను, చేతిరాతలోని తెలుగును నకలు తీసి ఉంచడానికి ఇష్టపడే విద్యార్థులు మా శాఖను కలవవచ్చును.