నక్కినవాడికి వంతు లేదు!

పాశమైలారం ఫ్యాక్టరీల్లో షిఫ్టు వచ్చేదాకా ఆగాలి. పులీ మేకా ఆటలో వంతు వచ్చేదాకా ఆగాలి. కంప్యూటర్లోనూ అలా వంతులవారీగా సాగే యుద్ధాలున్నాయి. బెల్జియంలోని లారియన్ స్టూడియోస్ 2023 ఆగస్టులో విడుదల చేసిన ‘బాల్డర్స్ గేట్ 3’ అలాంటిదే.

శత్రువు కంటపడ్డారా, ఇక వరుసలో నిలబడాల్సిందే. కంటపడనివాడికి మాత్రం ఆ లెక్క లేదు! నలుగురి జట్టులో ముగ్గురు పోరులో చిక్కుకున్నా, దూరంగా నక్కిన నాలుగోవాడు తన ఇష్టం వచ్చినట్టు తిరగొచ్చు. శత్రువుల చూపు ఎంతమేర పడుతుందో నేలమీద ఎర్రగా కనిపిస్తుంది. దాన్ని తప్పించుకుని చాటునుంచి బాణం వేస్తే ఇరవై ముఖాల పాచిక రెండుసార్లు పడుతుంది. అందులో పెద్ద అంకెదే లెక్క. పోరు ఆ బాణంతోనే మొదలైతే ఉలిక్కిపడ్డ శత్రువు తొలి వంతు పోగొట్టుకుంటాడు. పాపం, ఏం జరిగిందో తెలిసేలోపే సగం ప్రాణం పోయి ఉంటుంది.

తొండి కదూ అంటారు కొందరు. కానీ సందు ఉంచింది నియమమే. దూరినవాణ్ని ఏమనగలం?

అసలు గండం 2023 నవంబరు చివర్లో చేర్చిన ‘ఆనర్ మోడ్’. అందులో సేవ్ ఒక్కటే. జట్టంతా కూలితే, వారాల తరబడి ఆడినా సరే, ఆ సవాలు అక్కడితో సరి. కాలు ఒక్కసారి ఎరుపులో పడిందా... నక్కినవాడూ వరుసలోకి రావాల్సిందే.