వార్డు పేరు మనది, రోడ్డు ఎవరిది? మున్సిపల్ ఖర్చులో ఎస్సీ వాటాను లెక్క చూడటం ఎలా

మున్సిపల్ కౌన్సిళ్లలో ఎస్సీ రిజర్వుడు స్థానాలు ఉన్నాయి. సబ్‌ప్లాన్‌కు చట్టం ఉంది. సమాచార హక్కు చట్టమూ ఉంది. అయినా పట్టణాల్లోని దళితవాడల్లో మురుగు కాలువ సగంలోనే ఎందుకు ఆగిపోతోంది? నిధులు లేవన్న జవాబు ప్రతిసారీ నిజం కాదు. నిధులు వచ్చినట్టు, ఖర్చయినట్టు కాగితం మీద ఉండి, వాడలో మాత్రం ఏమీ కనిపించని సందర్భాలూ ఉంటాయి. ఈ తేడాను మొదట పట్టుకోవాల్సింది ఎన్నికైన కౌన్సిల్. అది ఆ పని ఎక్కడ చేయగలదు, ఎక్కడ చేయలేకపోతోంది, మనం ఏ కాగితం అడగాలి అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

రాజ్యాంగం ఇచ్చినది, ఇవ్వనిది

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 243టి అధికరణ ప్రకారం ప్రతి మున్సిపాలిటీలో జనాభా నిష్పత్తిలో ఎస్సీ, ఎస్టీలకు స్థానాలు కేటాయించాలి. వాటిలో మూడో వంతుకు తగ్గకుండా మహిళలకు ఇవ్వాలి. 12వ షెడ్యూల్‌లో 18 అంశాలు ఉన్నాయి. మురికివాడల అభివృద్ధి, పట్టణ పేదరిక నిర్మూలన, బలహీన వర్గాల ప్రయోజనాల రక్షణ వాటిలోవే. అంటే దళితవాడ గురించి కౌన్సిల్‌లో మాట్లాడటం ఎవరో దయతలిచి ఇచ్చే అవకాశం కాదు, అది కౌన్సిల్ పనిలోనే భాగం.

అయితే ఈ అంశాలపై అధికారాలను రాష్ట్ర శాసనసభ చట్టం ద్వారా 'ఇవ్వవచ్చు' అని మాత్రమే రాజ్యాంగం చెప్పింది, ఇచ్చి తీరాలని చెప్పలేదు. అందుకే ఫైలు కదిలించే అధికారం చాలావరకు ప్రభుత్వం నియమించే కమిషనర్ చేతిలో ఉంటుంది. బడ్జెట్‌ను ఆమోదించడం, పనుల తీర్మానాలు చేయడం, ప్రశ్నలు అడగడం కౌన్సిల్ చేతిలో ఉన్న పనులు. ఆ ప్రశ్నలు సరైన చోట పడకపోతే కౌన్సిల్ చెయ్యెత్తి దిగిపోయే సభగా మిగిలిపోతుంది.

డబ్బు మూడు దారుల్లో వస్తుంది

మొదటిది సాధారణ నిధి. ఇంటి పన్ను, నీటి చార్జీలు, భవన అనుమతుల ఫీజులు ఇందులోకి వస్తాయి. ఇందులోంచి ఎస్సీ, ఎస్టీ సంక్షేమానికి కొంత వాటా విడిగా చూపాలని ప్రభుత్వ ఉత్తర్వులు ఉన్నాయి. రెండోది ఆర్థిక సంఘం గ్రాంట్లు. మూడోది కేంద్ర, రాష్ట్ర పథకాల నిధులు. సబ్‌ప్లాన్ చట్టం ముఖ్యంగా వర్తించేది ఈ మూడో దారికే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుదీర్ఘ ఉద్యమం తర్వాత 2013లో ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం అమల్లోకి వచ్చింది. మొదట పదేళ్లకే పరిమితమైన ఈ చట్టాన్ని ఆంధ్రప్రదేశ్ 2023 జనవరిలో మరో పదేళ్లు పొడిగించింది. తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చుకుంది. ఖర్చుకాని సొమ్మును వచ్చే ఏడాదికి కలపాలన్న నిబంధన అందులో ఉంది. 2011 జనగణన ప్రకారం ఎస్సీల జనాభా తెలంగాణలో 15.45 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 17.08 శాతం. కేటాయింపులకు ఈ నిష్పత్తే ఆధారం.

పర్యవేక్షణ కోసం ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్ర స్థాయి కౌన్సిల్‌ను, జిల్లా స్థాయిలో కమిటీని 2013 చట్టం పెట్టింది. కానీ కాలువ పడేది వార్డులో. ఆ వార్డులో పని జరిగిందా లేదా అని రోజూ చూడగలిగేది కౌన్సిలరూ, అక్కడి ప్రజలూ మాత్రమే.

పేరులోనే జరిగే మళ్లింపు

ఒక ఉదాహరణ అనుకుందాం. '12వ వార్డు ఎస్సీ కాలనీకి సీసీ రోడ్డు' అని ఒక పని మంజూరైంది. పొడవు 300 మీటర్లు. అంచనా పత్రం తెరిచి చూస్తే మెయిన్ రోడ్డు దగ్గర మొదలై, ఒక కొత్త వెంచర్ మీదుగా వెళ్లి, చివరి 80 మీటర్లే కాలనీలో ఉంటుంది. ఖర్చు మొత్తం ఎస్సీ పద్దులో పడుతుంది. ఇక్కడ దొంగ బిల్లు లేదు. రోడ్డు నిజంగానే పడింది. కానీ 220 మీటర్ల రోడ్డుకు దళితుల వాటా సొమ్ము ఖర్చయిపోయింది.

ఎస్సీలతో పాటు ఇతరులకూ ఉపయోగపడే పథకంలో, ఎస్సీలకు అందిన మేరకే ఆ పద్దులో చూపాలన్నది చట్టం ఉద్దేశం. కానీ 'విడదీయలేని మౌలిక వసతుల' పనుల్లో కొంత భాగాన్ని ఎస్సీ ఖర్చుగా లెక్కించే వెసులుబాటూ అదే చట్టంలో ఉంది. మళ్లింపుకు తలుపు తెరుచుకునేది ఇక్కడే.

ఇది చిన్న పట్టణాల సమస్య మాత్రమే కాదు. 2010 కామన్వెల్త్ క్రీడల కోసం ఢిల్లీ ప్రభుత్వం ఎస్సీల ప్రత్యేక నిధుల నుంచి రూ.700 కోట్లకు పైగా మళ్లించిన సంగతి సమాచార హక్కు దరఖాస్తుల వల్లే బయటపడింది. మళ్లింపు జరిగిందని నాటి హోంమంత్రి పి. చిదంబరం రాజ్యసభలో ఒప్పుకోవాల్సి వచ్చింది. దళిత సంఘాలు పద్దుల వారీగా కాగితాలు అడగకపోయి ఉంటే ఆ సొమ్ము 'ఎస్సీల అభివృద్ధి'గానే లెక్కల్లో మిగిలిపోయేది.

కౌన్సిల్ లేని నగరాల్లో ఏం జరిగింది

విశాఖపట్నం మహానగర పాలక సంస్థకు 2007లో ఎన్నికలు జరిగాయి. ఆ కౌన్సిల్ గడువు 2012లో ముగిసింది. తర్వాతి ఎన్నికలు 2021 మార్చిలో గానీ జరగలేదు. తొమ్మిదేళ్లు నగరంలో ఎన్నికైన ప్రతినిధి లేరు, ప్రత్యేకాధికారుల పాలనే నడిచింది. కాకినాడలోనూ 2017 ఎన్నికల దాకా అదే పరిస్థితి.

2016 జనవరిలో స్మార్ట్ సిటీ మిషన్ తొలి 20 నగరాల జాబితాలో ఈ రెండూ ఉన్నాయి. ఒక్కో నగరానికి కేంద్రం వాటాగా రూ.500 కోట్లు, అంతే మొత్తం రాష్ట్రమూ నగరమూ కలిపి పెట్టాలన్నది పథకం. అంత ఖర్చుకు ప్రణాళిక రాసే సమయంలో ఆ నగరాల్లో 'మా వాడ ఇందులో ఎక్కడుంది' అని సభలో లేచి అడగగల ఒక్క దళిత కార్పొరేటరూ లేరు. పైగా పనుల నిర్వహణకు విడిగా ఒక కంపెనీ పెట్టాలనీ, ప్రాజెక్టుకు సంబంధించి కౌన్సిల్ అధికారాలను దానికి అప్పగించాలనీ మిషన్ మార్గదర్శకాలు సూచించాయి. కౌన్సిల్ ఉన్న నగరంలో కూడా పెద్ద ఖర్చు కౌన్సిల్ చేయి దాటిపోయే ఏర్పాటు ఇది.

ఎన్నికలు వాయిదా పడటాన్ని పార్టీల గొడవగా చూసి వదిలేస్తాం. కానీ రిజర్వుడు స్థానం ఖాళీగా ఉన్న ప్రతి ఏడాదీ రాజ్యాంగం ఇచ్చిన ఒక హక్కు అమలుకాని ఏడాది.

కౌన్సిల్ ఉన్నా ఎందుకు అడగలేకపోతున్నారు

ఒక కారణం టేబుల్ అజెండా. ముందుగా పంపిన అజెండాలో లేని అంశాలను సమావేశం రోజున బల్ల మీద పెట్టి, చదివే సమయం ఇవ్వకుండా ఆమోదించుకుంటారు. ఇంకొకటి రొటేషన్. ఈసారి ఎస్సీ రిజర్వుడైన వార్డు వచ్చేసారి మారిపోవచ్చు. ఐదేళ్లలో ఫైళ్ల సంగతి నేర్చుకున్న సభ్యురాలు ఇంటికి వెళ్తుంది. ఇంజినీరింగ్ విభాగానికి, కాంట్రాక్టర్లకు ఉన్న అనుభవం మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది.

గ్రామాలకు, పట్టణాలకు ఒక పెద్ద తేడా కూడా ఉంది. ఉపాధి హామీ చట్టం గ్రామసభ ద్వారా సామాజిక తనిఖీని తప్పనిసరి చేసింది. దాన్ని విస్తృతంగా అమలు చేసి దారి చూపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. పట్టణంలో సీసీ రోడ్డుకు, డ్రైనేజీకి అలాంటి బహిరంగ తనిఖీ లేదు. వార్డు కమిటీలను రాజ్యాంగం తప్పనిసరి చేసింది మూడు లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న మున్సిపాలిటీల్లోనే. తెలంగాణలో వార్డుకు నాలుగు కమిటీల ఏర్పాటు ఉన్నా, వాటికి బిల్లులు చూపే అలవాటు లేకపోతే పేర్ల జాబితాతో ఆగిపోతాయి.

అడగాల్సిన కాగితాలు

ఒక పని అంచనా, మంజూరు, టెండరు, ఒప్పందం, కొలతలు, బిల్లు, ఆడిట్ అనే వరుసలో నడుస్తుంది. ఒక్క వార్డు, ఒక్క ఏడాది ఎంచుకుని ఈ కాగితాలు తీయండి:

1. ఆ ఏడాది ఎస్సీ పద్దు కింద చూపిన పనుల జాబితా. పని పేరు, నిధి, మొత్తం విడివిడిగా ఉండాలి.
2. ప్రతి పని అంచనా పత్రం, స్థల పటం. రోడ్డు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఇందులో తేలుతుంది.
3. ఎం-బుక్, అంటే కొలతల పుస్తకం. బిల్లు చెల్లించేది దీన్ని బట్టే.
4. పని మంజూరైన సమావేశం అజెండా, మినిట్స్. అది టేబుల్ అజెండాగా వచ్చిందా అన్నది చూడాలి.
5. రాష్ట్ర ఆడిట్ శాఖ అభ్యంతరాలు, వాటికి మున్సిపాలిటీ ఇచ్చిన జవాబులు.

సమాచార హక్కు చట్టం 2(జె) సెక్షన్ నకళ్లు ఇప్పించడంతో ఆగదు. పనిని స్వయంగా పరిశీలించే హక్కు, వాడిన సామగ్రి నమూనాలను ధ్రువీకరణతో తీసుకునే హక్కు కూడా అందులోనే ఉన్నాయి. దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు.

తర్వాత టేపు పట్టుకుని వాడలోకి వెళ్లండి. ఎం-బుక్‌లోని కొలతను నేల మీది కొలతతో పోల్చండి. తేడాను కాగితం మీద రాసి, వాడ ప్రజల సంతకాలతో వార్డు ప్రతినిధి చేతికి సమావేశానికి ముందే ఇవ్వండి. 'మా వాడకు ఏమీ చేయలేదు' అంటే అధికారి ఓ ఖర్చుల జాబితా చదివి కూర్చుంటాడు. '300 మీటర్లకు మా పద్దులో బిల్లు చేశారు, మా వాడలో 80 మీటర్లే ఉంది, మిగతా సొమ్ము వెనక్కి వేస్తారా' అంటే జవాబు మినిట్స్‌లో రాయాల్సి వస్తుంది. ఒకసారి మినిట్స్‌కెక్కిన జవాబు కలెక్టర్ దగ్గరికి, జిల్లా కమిటీకి, కోర్టుకు తీసుకెళ్లగల ఆధారం.