డనాంగ్ వెళ్తే బడికేం తెస్తారు?

వేసవి సెలవుల్లో వియత్నాం తీరనగరం డనాంగ్ చూడాలనుకునే చోరనూరు తల్లిదండ్రులకు మా సూచన: మూడు రోజులు చాలు, కానీ బీచ్‌తో సరిపెట్టొద్దు.

మొదటి రోజు 1919లో తెరిచిన చామ్ శిల్పాల మ్యూజియం. రెండో రోజు మీసన్ శివాలయాలు, సంస్కృత శాసనాలు. మూడో రోజు హోయాన్ పాత పట్టణం. ఈ రెండూ 1999 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి.

ఈ-వీసాలు, పిల్లలకు విడిగా పాస్‌పోర్టులు ముందే సిద్ధం చేసుకోవాలి. దసరా సెలవులు వద్దు. అప్పుడక్కడ వానలు, తుపాన్లు.

ఆ ఖర్చు అందరూ భరించలేరు. అందుకే వెళ్లినవారు శాసనాల ఫొటోలు తరగతికి తేవాలి. చామ్ లిపికీ, మన పిల్లలు నేర్చే తెలుగు, కన్నడ లిపులకూ మూలం బ్రాహ్మియే. ఆ ఫొటోలు చూపించాక టీచర్లు తరగతి మొత్తాన్నీ హంపికి తీసుకెళ్లి, శాసనాల్లో తెలిసిన అక్షరాలు వెతికించవచ్చు.