మీకు తెలుసా? పౌలు రాసిన ‘ఉభయకుశలోపరి’

భోగాపురం, భీమిలి చుట్టుపక్కల చర్చిల్లో పాస్టరుగారు వాక్యం చెప్పబోయే ముందు, తండ్రి అయిన దేవుడి నుంచీ ప్రభువైన యేసు నుంచీ సంఘానికి కృప, సమాధానం కలగాలని దీవించడం చాలామంది వినే ఉంటారు. ప్రార్థనలో భాగమనే అనుకుంటాం. కానీ అది మొదట్లో ఉత్తరం పైన రాసే పలకరింపు. కొత్త నిబంధనలో పౌలు పేరు మీదున్న 13 పత్రికలూ కృప, సమాధానాలతోనే మొదలవుతాయి. తిమోతికి రాసిన రెండింటిలో వీటికి కనికరం కూడా తోడైంది.

ఆ కాలపు గ్రీకు ఉత్తరానికి ఒక వరస ఉండేది. ముందు రాసేవాడి పేరు, తర్వాత అందుకునేవాడి పేరు, ఆపైన ‘ఖైరైన్’ అనే ఒక్క మాట. సంతోషంగా ఉండమని దాని అర్థం. వాడీ వాడీ అరిగిపోయి, మనం కార్డు మీద రాసే నమస్కారంలా తయారైంది. ఆ తర్వాత క్షేమసమాచారాలు. మన పద్ధతి తిరగేసి ఉంటుంది: ముందు ‘చిరంజీవి ఫలానాకి’, ఆ తర్వాతే ‘మీ నాన్న ఆశీర్వదించి వ్రాయునది ఏమనగా’. అధికారికి అర్జీ పెట్టుకునేటప్పుడు మాత్రం గ్రీకులు కూడా దొరగారి పేరే ముందు రాసేవారు. ఆ తెలివి అన్నిచోట్లా ఒకటే!

రోమన్లయితే ‘నువ్వు క్షేమమైతే మంచిది, నేను క్షేమం’ అనే లాటిన్ వాక్యాన్ని ఆరు అక్షరాలకు కుదించి పడేశారు. మన చి.ల.సౌ.నీ మ.రా.రా.శ్రీ.నీ చూసి నవ్వుకునే కుర్రకారుకు ఈ సంగతి చెప్పాలి.

క్రీ.శ. రెండో శతాబ్దపు ఉత్తరం ఒకటి పాపిరస్ మీద మనదాకా వచ్చింది. అపియోన్ అనే ఈజిప్టు కుర్రాడు రోమన్ నౌకాదళంలో చేరి, ఇటలీలోని మిసేనుం రేవు నుంచి తండ్రికి రాసుకున్నాడు. మొదట పలకరింపు. ఆ వెంటనే, అన్నిటికన్నా ముందు మీరంతా ఆరోగ్యంగా ఉండాలని ప్రార్థన. ఆ తర్వాత, సముద్రంలో ఆపద నుంచి కాపాడినందుకు సెరాపిస్ దేవుడికి కృతజ్ఞత. దారిఖర్చులకు మూడు బంగారు నాణేలు ఇచ్చారట, దళంలో కొత్త పేరు పెట్టారట, తన బొమ్మ గీయించి పంపుతున్నాడట. విశాఖ నేవీలో చేరిన మన ఊరబ్బాయి రాసినట్టే లేదూ?

పలకరింపు, ప్రార్థన, దేవుడికి కృతజ్ఞత – పౌలు నడిచిందీ ఈ దారినే. మార్చింది పలకరింపుని. ‘ఖైరైన్’ ఉండాల్సిన చోట, చెవికి దాదాపు అలాగే వినిపించే ‘ఖారిస్’ పెట్టాడు. అదే కృప. పక్కన యూదుల ‘షాలోమ్’కు సరిపడే గ్రీకు మాట చేర్చాడు. మన బైబిల్లో అది సమాధానం అయింది. ఇక్కడ జవాబు అని కాదు, నెమ్మది, క్షేమం అని. నా మటుకు నాకు అసలు విశేషం ఈ మాటల్లో కన్నా, అవి ఎవరి నుంచి వస్తున్నాయో చెప్పడంలో ఉంది. పలకరింపు రాసేవాడి తరఫున కాదు, దేవుడి తరఫున. పైగా ఆ ఉత్తరాలను సంఘమంతా కూడినప్పుడు పైకి చదివేవారు. పైకి చదివితే అది పలకరింపులా కాక దీవెనలా వినిపించదా మరి!

పలకరింపు తర్వాత రావలసిన కృతజ్ఞత రాకపోతే? కొరింథువాళ్లను అంత కోప్పడిన పౌలు కూడా ముందు వాళ్లకోసం దేవుడికి కృతజ్ఞత చెప్పాకే విషయంలోకి దిగాడు. గలతీయుల దగ్గర ఆ ముక్కే లేదు. మీరింత త్వరగా దారి తప్పడం ఆశ్చర్యంగా ఉందంటూ అందుకున్నాడు. కుశలప్రశ్నలు లేని నాన్న ఉత్తరం వస్తే ఇంట్లో అందరికీ విషయం ముందే అర్థమయ్యేది కదా, అదే ఇది.

ఈ పత్రికలు తెలుగులోకి రావడంలో మన తీరానికీ వాటా ఉంది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన క్రాన్, డెగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సాగిన అనువాదంలో మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. విశాఖలోనే పనిచేసిన ప్రిచెట్ కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. ఇప్పుడు మన చేతుల్లో ఉన్న తెలుగు బైబిలు తెరిచి రోమా పత్రిక మొదలు చూడండి. ‘వ్రాయునది’ అని కనిపిస్తుంది. గ్రీకులో ఆ క్రియే లేదు. అచ్చంగా మన ఉత్తరాల కట్టు అది.

పాత ‘ఖైరైన్’ పూర్తిగా పోలేదు. యాకోబు పత్రిక దానితోనే మొదలవుతుంది. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో యెరూషలేము పెద్దల ఉత్తరంలోనూ అదే. 23వ అధ్యాయంలో పౌలును ఖైదీగా పంపుతూ రోమన్ సహస్రాధిపతి క్లౌదియ లూసియ గవర్నరు ఫేలిక్సుకు రాసిందీ అదే మాట.

హెబ్రీయులకు రాసిన పత్రికలోనైతే పలకరింపూ లేదు, రాసినవారి పేరూ లేదు. ఎవరు రాశారన్న తగువు పండితుల మధ్య ఇంకా తేలలేదు.